పొంగని పిండి

దీవిలోని సువా రేవు పక్కనున్న బేకరీలో తోరిక పిండి పిసుకుతుంటే అల ఒడ్డుదాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోతున్నట్టుంటుంది. అరమూసిన కళ్ళు, మెల్లగా ఊగే నడుము, పెదాల మీద సగం పాట. ఈస్టు గిన్నెను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కలలోకి జారినట్టు ఒక్క క్షణం ఆగుతుంది. ఈమధ్య ఆ క్షణం సాగుతోంది. ఏప్రాను కూడా వదులుగా కడుతోంది. వచ్చే సోమవారం నుంచి ఆమే పెద్ద మేస్త్రీ అన్నారు. పాత మేస్త్రీ మకెరెతకు కడుపు కనబడగానే చేతికి చీపురిచ్చారు మరి.

రెండు రోజులుగా పిండి పొంగలేదు. ఎవరైనా కడుపు దాచుకుంటే వలలో చేప పడదని, మట్టిపొయ్యిలో దుంప ఉడకదని ఇక్కడ పసిపిల్లకైనా తెలుసు. ఈస్టు డబ్బాల తాళం మొలకు కట్టుకు తిరిగే సూపర్‌వైజర్ అపెనిస ఆడవాళ్ళను వరసగా నిలబెట్టాడు.

"ఎవత్తే కడుపు దాచింది?"

"మీ పొట్టే ముందుంది సార్" అంది మకెరెత. అందరూ కిసుక్కున నవ్వారు.

తోరిక నవ్వలేదు. పిండి చేతులు పొట్టమీద ఆనించింది. నల్లటి ఏప్రాను మీద రెండు తెల్లటి అరచేతులు పడ్డాయి.

"నేనే సార్. నాలుగో నెల."

అపెనిస చూపు చీపురు మీదికి పోయింది.

తోరిక నురగైనా రాని ఈస్టు గిన్నె తెచ్చి అతని ముక్కు కింద పెట్టింది.

"నా కడుపులోది బతికే ఉంది, చెప్పేశాను. మీ డబ్బాలోది చచ్చి ఎన్నాళ్ళయిందో ఇక మీరు చెప్పండి సార్."