చిలుక అక్కది, పదిరోజులు తమ్ముడివి

వీధి మలుపులో బట్టలు కుట్టే దర్జీ మితభాషి అని అందరికీ గౌరవం. ఆ గౌరవంలో సగం గుండుసూదులది. పొద్దస్తమానం పెదాల మధ్య సూదులు పెట్టుకున్నవాడు మాట్లాడేదెలా? మిగతా సగం, మాట్లాడటానికి మనిషి లేకపోవడం. యాభై దాటాయి, పెళ్లి లేదు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. చేతికి సూది ఇచ్చి పని నేర్పిందీ, వేళకింత పెట్టి మనిషిని చేసిందీ ఆవిడే.

ఆ అక్కకు చూపు మందగించింది. కుట్టుపని మానేసింది, కొట్టుకు రావడమూ మానేసింది. రోజంతా గోడలతోనే కాలక్షేపం. అది చూడలేక తమ్ముడు ఆవిడ కోసం ఒక చిలుకను కొన్నాడు. అమ్మినవాడు ఒక్కటే మాట చెప్పాడు. "మొదటి పదిరోజులు ఎవరి చేతి తిండి తింటే వాళ్లదే ఇది. ఆ తర్వాత ఎంత దువ్వినా మిగతావాళ్లు చుట్టాలే."

దర్జీ బుద్ధిగా తలూపాడు. తలూపి, పంజరాన్ని తిన్నగా కొట్టుకు పట్టుకుపోయాడు. కాస్త బెదురు తీరాక ఇంటికి తెస్తానని అక్కతో చెప్పాడు. మొదటిరోజు అది నిజమే. మూడోరోజు సూదులకు బదులు పొద్దుతిరుగుడు గింజను పెదాల మధ్య పెట్టుకుంటే, చిలుక భుజమెక్కి సుతారంగా అందుకుంది. ఇక దానికి బెదురెక్కడిది? బెదురంతా దర్జీకే, ఇంటికి తీసుకెళ్తే ఎక్కడ చేజారుతుందోనని. అక్క అడిగినప్పుడల్లా "రేపు తెస్తా" అన్నాడు. పదకొండో రోజున తెచ్చాడు.

అక్క పంజరం తలుపు తీసి, అరచేతిలో గింజలు పోసుకుని కూర్చుంది. చిలుక మూలకు ముడుచుకుంది. సాయంత్రం తమ్ముడు ఇంట్లోకి రాగానే మాత్రం ఎగిరొచ్చి భుజమ్మీద వాలింది. నాలుగురోజులు ఇదే వరస. ఐదోరోజు అది అక్క వేలు కొరికింది.

"నేనంటే దీనికెందుకురా ఇంత కోపం?" అంది ఆవిడ, వేలికి గుడ్డ నొక్కుకుంటూ.

దర్జీకి ఎదురుగా కిటికీలో ఆవిడ మోకాళ్ల నొప్పుల మందు సీసా కనబడింది. "ఆ మందు వాసన దీనికి పడట్లేదేమో అక్కా" అనేశాడు. ఆ క్షణాన నోట్లో సూదులున్నా బాగుండేది.

వారం తిరిగింది. ఒక మధ్యాహ్నం భోజనానికి వస్తే, అక్క గోడ పట్టుకుని పళ్లబిగువున లేస్తోంది. లేచిందనుకుంటే మళ్లీ కూలబడింది.

"మందు రాసుకోలేదా అక్కా?"

"మానేశాన్రా. రోజూ రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నా. ఇవాళ అది ఒక్క అడుగు ముందుకొచ్చింది. ఇంకో వారం ఓర్చుకుంటే చాలు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పళ్లెం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేకపోయాడు.

"వాసన కాదక్కా. నేనే. అమ్మినవాడు ముందే చెప్పాడు, పదిరోజులు ఎవరు తినిపిస్తే వాళ్లదని. కావాలనే కొట్లో ఉంచి తినిపించాను."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. అక్క మోకాలు రుద్దుకుంది. "నీకు కావాలని ఒక్కమాట అంటే, నీకే ఇచ్చేదాన్ని కదరా" అంది.

సీసా తనే తెచ్చి ఆవిడ మోకాళ్లకు మందు రాశాడు. ఆ రోజు నుంచి చిలుక ఉన్న గది గడప తొక్కలేదు. తిండీ పడకా వరండాలోనే. ఆయన అలికిడి వింటే చాలు, లోపల అది గోలగోలగా అరిచేది. అక్క రమ్మని పిలిచినా వెళ్లలేదు. అదే తనకు తగిన శాస్తి అనుకున్నాడు. కొన్నాళ్లకు ఆ అరుపులు తగ్గాయి.

ఇరవై రోజులయ్యాక ఒక ఉదయం లోపలి నుంచి అక్క గొంతు వినబడింది. "ఒరే, తింటోందిరా. నా చేతిలోనే తింటోంది."

కిటికీ పక్కన నిలబడి చూశాడు. చిలుక ఆవిడ మణికట్టు మీద కూర్చుని ఒక్కొక్క గింజా ఒలుచుకుంటోంది. అక్క నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వి ఏళ్లయింది. సంతోషించాల్సిన మనిషి కుళ్లుకున్నాడు. వద్దు వద్దనుకుంటూనే, సన్నని గొంతుతో దాన్ని పిలిచాడు.

చిలుక వినిపించుకోలేదు. అక్క మాత్రం విని, కిటికీ వైపు తిరిగింది. మనిషి సరిగా ఆనని ఆ కళ్ల ముందు కూడా ఆయన తలెత్తలేకపోయాడు.