మా తమ్ముడు పాత వెర్షన్‌తో కట్టిన టేబులు

మా తమ్ముడికి "లేదండీ" అనడం రాదు. మా గోదారోళ్ళకి మర్యాద ఉగ్గుపాలతోనే పట్టేస్తారు, నిజమే. వీడికి మాత్రం మా అమ్మ ఇంకో ఉగ్గుగిన్నెడు ఎక్కువ పట్టేసినట్టుంది. ఎవరేం అడిగినా "ఆయ్, అలాగేనండీ" అంటాడు. రేపటికి అయిపోద్దా అంటే ఆయ్. ఇవాళే కావాలంటే ఆయ్. నీ కిడ్నీ ఇచ్చేస్తావా బాబూ అన్నా ముందు ఆయ్ అనేసి, ఆనక ఇంటికొచ్చి తల పట్టుకునే రకం. ఇదేం రోగంరా అని తిడితే దానికీ ఆయ్ అంటాడు. ఇంకేం చేస్తామండీ!

వాడి పేరు సాయిదుర్గాప్రసాద్. నేను వాడి అక్కని, వెంకటలక్ష్మిని. అమలాపురంలో మా ఇద్దరిదీ ఒకే కొట్టు, మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం. ఇటు నేను జాకెట్లు కుడతాను, అటు వాడు ల్యాప్‌టాపులు బాగుచేస్తాడు. మా నాన్నగారు రేడియోలు బాగుచేసేవారు, ఆ చెయ్యి వీడికొచ్చింది. డిప్లొమా చదివి కొన్నాళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసేడు. అక్కడ మేనేజరు ఏం చెప్పినా ఆయ్ అనడంతో నలుగురి పనీ వీడి నెత్తిన పడింది. జ్వరం తెచ్చుకుని తిరిగొచ్చేసేడు. పెళ్ళి చేసుకోరా అంటే దానికీ ఆయ్ అన్నాడు గానీ ఇంతవరకూ కదల్లేదు.

వాడికొక పిచ్చి ఉంది. కంప్యూటరు తయారుచేసినోళ్ళు లోపల ఒక చిప్పులో కొన్ని టేబుళ్ళు రాసి పెడతారంట. బ్యాటరీ ఎక్కడుంది, అందులో ఎంత మిగిలింది, ఫ్యాను ఎప్పుడు తిరగాలి, మూత వేస్తే ఏం చెయ్యాలి, అన్నీ వాటిలోనే ఉంటాయంట. సిస్టం ఏది తెలుసుకోవాలన్నా ఆ టేబుళ్ళనే అడగాలి. అందులో తప్పుంటే యంత్రం పిచ్చిపిచ్చిగా చేస్తాది. మావాడు ఆ టేబుల్ని బయటికి తీసి, విప్పి, తప్పు దిద్ది, మళ్ళీ కడతాడు. నేను బిగుతైన జాకెట్టు కుట్లు విప్పి, గుడ్డ కలిపి మళ్ళీ కుట్టినట్టన్నమాట.

ఈ విప్పడానికీ కట్టడానికీ ఒక సాధనముంది, కంపైలరంటారు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి దాన్ని అందరికీ ఉచితంగా చేసిపెడతారంట. అప్పుడప్పుడూ కొత్త వెర్షన్ వస్తాది. అది వచ్చిన రోజు మావాడికి పండగే, అన్నం కూడా దాని ముందే తింటాడు. ఒకసారి వీడు చూపించిన తప్పేదో వాళ్ళు దిద్దేరని మా వీధంతా పూతరేకులు పంచేడు. ఎందుకు పంచుతున్నాడో ఎవరికీ తెలీలేదు, అందరూ పెళ్ళి కుదిరిందనుకున్నారు.

"కొత్త వెర్షన్ అంటే తేడా ఏంట్రా?" అనడిగేనొకసారి.

"పాతది అమ్మమ్మలాంటిదక్కా, తప్పు చేసినా చూసీ చూడనట్టు పోనిస్తాది. కొత్తది అత్తగారు. ఏ మూల దుమ్ముందో వేలు పెట్టి మరీ చూపిస్తాది," అన్నాడు.

అప్పుడు నవ్వేను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు రాదు.

అల్లవరం నుంచి తాతబ్బాయి గారని ఒకాయన వచ్చేవారు. రాజోలు లైన్లో ప్రైవేటు బస్సు కండక్టరుగా చేసేరు. "నగరం, తాటిపాక, రాజోలు!" అని ఆయన కేకేస్తే సెంటరు చివరిదాకా వినపడేది. అలాంటి గొంతుకి కేన్సరొచ్చింది. ఆపరేషను చేసి గొంతులో మాట పలికే పెట్టె తీసేసేరు. ప్రాణం దక్కింది, మాట పోయింది. చేతులు వణుకు, ఫోన్లో చిన్న అక్షరాలు వేలికందవు. మావాడే ఒక పాత ల్యాప్‌టాపు సిద్ధం చేసిచ్చేడు. ఆయన తెలుగులో రాసి మీట నొక్కితే అది పైకి చదువుతాది. రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుండేది ఆ గొంతు. అయినా ఆయనకదే గొంతు.

ఆయనకి భార్య లేదు. కూతురు శిరీష కువైట్లో ఒకరింట్లో పని చేస్తాది. అల్లుడు పోయేక వెళ్ళింది. ఆమె కూతురు దివ్య అయిదో క్లాసు, తాత దగ్గరే ఉంటాది. శిరీష ఫోను ఆ ఇంటి మేడం దగ్గరే ఉంటాదంట. శుక్రవారం పొద్దున్న ఒక్కసారి చేతికిస్తారు. ఇంట్లో ఆడవాళ్ళు కనపడతారని వీడియో పెట్టనివ్వరు, మాట ఒక్కటే.

మొన్న వానాకాలంలో ఆ ల్యాప్‌టాపు బ్యాటరీ ఉబ్బిపోయింది. మావాడు వేరే కంపెనీ బ్యాటరీ వేసేడు. యంత్రం నడిచింది గానీ బ్యాటరీ ఎంతుందో చూపించలేదు. టేబుల్లో పాత బ్యాటరీ సంగతే రాసుంది మరి. సరే, దాన్ని తీసి దిద్దేడు. ఆ వారమే వచ్చిన కొత్త వెర్షన్‌తో కట్టబోతే అది ఆగిపోయింది. బ్యాటరీ ఎంతుందని అడిగితే ఒక దారిలో జవాబుంది, ఇంకో దారిలో ఏ జవాబూ లేదు, ఇది కట్టనంది. జవాబు రానప్పుడు తెర మీద పాత అంకే అలా ఉండిపోతాది. చూసినోళ్ళు బోలెడు ఛార్జింగు ఉందనుకుంటారు.

అది సరిచెయ్యడానికి ఇంకో పూట పడుతుంది. తాతబ్బాయి గారు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మర్నాడు శుక్రవారం. ఆయన మా పలక మీద రాసి చూపించేరు: "అయిపోద్దా బాబూ? అమ్మాయి రేపు ఒక సంగతి అడుగుతానంది. ఇంటికి వచ్చెయ్యమని చెప్పాలి."

లేదండీ, ఇంకో రోజు పడుతుందండీ అంటే ఏం పోయింది? పోనీ, "బాబాయిగారూ, ఆ అంకెని నమ్మకండి, రాత్రంతా ఛార్జింగు పెట్టుకునే మాట్లాడండి" అన్నా సరిపోయేది. పెద్దాయన, వానలో పడొచ్చేరు, ఉత్త చేతులతో ఎలా పంపుతామనుకున్నాడు వీడు. పాత వెర్షన్ తెరిచేడు. అది కిమ్మనకుండా కట్టేసింది.

"ఆయ్, అయిపోయిందండీ," అని చేతిలో పెట్టేడు.

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళేరు.

సోమవారం ల్యాప్‌టాపు పట్టుకుని మళ్ళీ వచ్చేరు. పక్కింటి మార్తమ్మ గారు కూడా వచ్చింది, ఆయన తరఫున మాట్లాడటానికి. ఆవిడ చెప్పిందంతా ప్లైవుడ్ ఇవతల్నుంచి విన్నాను.

శుక్రవారం పొద్దున్న అల్లవరంలో కరెంటు లేదు. ల్యాప్‌టాపు మీద అరవై శాతం పైన చూపిస్తోందని ఈయన ధీమాగా కూర్చున్నారు. దివ్య బడికెళ్ళిపోయింది. శిరీష ఫోను చేసింది. "నాన్నా, ఇంకో రెండేళ్ళకి ఎగ్రిమెంటు రాయమంటున్నారు. సంతకం ఇప్పుడే పెట్టాలంట, మేడం ఇక్కడే ఉంది. ఉండిపోనా, వచ్చెయ్యనా? నువ్వెలా చెప్తే అలా," అంది. ఈయన వచ్చెయ్యి తల్లీ అని రాసి మీట నొక్కబోయేరు. తెర నల్లగా అయిపోయింది. అటునుంచి ఆ పిల్ల "నాన్నా, నాన్నా" అంటోంది. ఈయనకి ఏం చెయ్యాలో తోచక, ఉన్నానమ్మా అని తెలియడానికి అరిచేత్తో బల్ల బాదేరు.

"ఆ చప్పుడుకి ఏమైందోనని నేను పరిగెత్తేను బాబూ," అంది మార్తమ్మ గారు. "నేను గుమ్మం ఎక్కేసరికి ఆ పిల్ల ఏడుస్తోంది. 'వచ్చెయ్యనా అన్నందుకు కోప్పడకు నాన్నా, అర్థమైంది. ఉంటాను,' అని పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. సంతకం పెట్టేసిందంట, కాసేపటికి మెసేజొచ్చింది."

అంతా అయ్యేక తాతబ్బాయి గారు తన గుండె మీద చెయ్యేసుకుని, పలక మీద రాసేరు: "తప్పు నాదే. ముందే ఛార్జింగు పెట్టుకోవాల్సింది. మీకు శ్రమ ఇస్తున్నాను."

మావాడు ఆ పలకవైపు చూసేడు. పెదాలు కదిలేయి. ఏదో చెప్తాడనుకున్నాను.

"ఆయ్, చూస్తానండీ," అన్నాడు.

వాళ్ళు వెళ్ళేక కింద కూలబడిపోయేడు. ఏమైందిరా అంటే మొత్తం చెప్పేడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒరేయ్ దరిద్రుడా! తెలిసే ఇచ్చేవా?"

"తెలిసే ఇచ్చేనక్కా. కొత్తది చెప్పనే చెప్పింది. అది నోరు మూసుకోదని పాతదాన్ని తెచ్చుకున్నాను. ఆయన తప్పు నాదే అని రాస్తుంటే, కాదండీ నాదీ అనలేకపోయేను. ఏం మనిషినక్కా నేను?"

ఏం మనిషివో నాకేం తెలుసు! ఏడవకురా అని కూడా అనాలనిపించలేదు.

ఆ రోజే కూర్చుని టేబులు సరిగ్గా దిద్ది, కొత్త వెర్షన్‌తో కట్టేడు. పాత వెర్షన్‌తో ఎవరెవరికి కట్టిచ్చేడో వాళ్ళందరికీ ఫోన్లు చేసి, యంత్రాలు వెనక్కి తెప్పించి మళ్ళీ కట్టేడు. కొత్తపేట నుంచి ఒకాయన రానంటే బండి మీద తనే వెళ్ళేడు. ఊళ్ళో అందరివీ అయిపోయేయి. తాతబ్బాయి గారి ల్యాప్‌టాపు మాత్రం బాగై కూడా మా సొరుగులోనే ఉంది. ఇవ్వడానికి మొహం చెల్లలేదు వాడికి. ఇవాళ వెళ్తానక్కా అంటాడు, బండి తాళం తీస్తాడు, మళ్ళీ పెట్టేస్తాడు. నాలుగు మెతుకులు కెలికి చెయ్యి కడిగేసుకునేవాడు.

ఈలోగా ఇంకో శుక్రవారం వచ్చి వెళ్ళిపోయింది. మర్నాడు మార్తమ్మ గారు జాకెట్టు కోసం వచ్చింది. నిన్న వానలకి బడి సెలవిచ్చేరంట, ఫోను దివ్యే ఎత్తిందంట. అమ్మా ఎప్పుడొస్తావంటే శిరీష ఏం చెప్తుంది? "రాలేనమ్మా. తాతయ్య ఉండమన్నాడు," అంది. ఆయన మార్తమ్మ గారిని పిలుచుకొచ్చేలోగా ఫోను కట్టయిపోయింది. ఆ పిల్ల అప్పట్నుంచి తాతతో మాట్లాడటం లేదు. నేను వద్దనలేదమ్మా అని ఆయన కాగితం మీద రాసిస్తే, "ఇప్పుడు నేను ఏడుస్తున్నానని ఇలా రాస్తున్నావు," అని చింపేసిందంట. ఒకే ఇంట్లో ఒకళ్ళకి మాట రాదు, ఇంకొకళ్ళు మాట్లాడరు.

ప్లైవుడ్ అవతల మావాడి స్క్రూడ్రైవరు చప్పుడు ఆగిపోయింది. ఆవిడ వెళ్ళగానే నేను అటెళ్ళి సొరుగు లాగేను.

"ఆయన గొంతు నీ సొరుగులో పెట్టుకుని కూర్చున్నావురా. నీ సిగ్గు ముఖ్యమా, ఆ ముసలాయన మాట ముఖ్యమా? ఈ శుక్రవారం నువ్వొస్తావా, నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళమంటావా?"

"వస్తానక్కా," అన్నాడు. "ఆమె ఫోను చేసే వేళకి అక్కడుంటాను. నేనే చెప్తాను."

శుక్రవారం ఇద్దరం అల్లవరం వెళ్ళేం. ఆ రోజు కూడా సెలవే, దివ్య గుమ్మం మీద కూర్చుని మావైపు చూడనైనా లేదు. లోపల తాతబ్బాయి గారు మమ్మల్ని చూసి కుర్చీలు వెయ్యడానికి లేచేరు. మావాడు కూర్చోలేదు. ల్యాప్‌టాపు ఆయన ముందు పెట్టి, నిలబడే చెప్పేడు. కొత్త సాధనం తప్పు చూపించిందని, తనకి తెలుసని, తెలిసీ పాతదాంతో కట్టిచ్చేనని, ఆయన తప్పు ఇసుమంతైనా లేదని. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాక్కున్నానని కూడా చెప్పేడు. 

 ఆయన ఒక్కో అక్షరమే రాసి మీట నొక్కేరు. "యంత్రం ఇచ్చిన రోజే చెప్పుంటే బాగుండేది బాబూ," అంది ఆ గొంతు. దానికి కోపమూ తెలీదు, బాధా తెలీదు. ఆయన కళ్ళలో మాత్రం నీళ్ళున్నాయి.

అంతలో ఫోను మోగింది. మావాడే ఎత్తేడు. "అమ్మా శిరీషా, నేను ల్యాప్‌టాపు ప్రసాదుని," అని మొదలుపెట్టి మళ్ళీ అంతా చెప్పేడు. 

"అయితే బల్ల కొట్టింది కోపంతో కాదా అన్నయ్యగారూ?" అందామె.

"కాదమ్మా."

"అది ఆగిపోద్దని మీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

 ఒక్క తిట్టు తిట్టినా వాడికి కాస్త ఊపిరాడేదేమో. "నాన్నకివ్వండి," అంది. తాతబ్బాయి గారు అప్పటికే రాసి ఉంచేరు. మీట నొక్కేరు. "వచ్చెయ్యి తల్లీ అనే రాసేనమ్మా ఆ రోజు." అటు ఆమె ఏడుపు, నవ్వు కలిసిపోయి వినపడింది. "రమ్మన్నావా నాన్నా? నిజంగా రమ్మన్నావా? ఇప్పుడెలా వస్తాను, సంతకమైపోయింది కదా!" అంటోంది. ఆయన ఫోనుని చెంపకి ఆనించుకున్నారు.

దివ్య ఎప్పుడు లోపలికొచ్చిందో, అంతా వింది. తాతనొకసారి చూసి, మావాడి దగ్గరికొచ్చి చొక్కా పట్టుకుంది.

"అంకుల్, తాతయ్య వద్దనలేదు కదా. అయితే మా అమ్మ వచ్చేస్తాది కదా?"

మావాడు నావైపు చూసేడు.  నేను తల దించేసుకున్నాను. వాడు ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "రాదు. నా వల్లే రాదు."

ఆ పిల్ల చొక్కా వదిలేసి, వెళ్ళి వాళ్ళ తాత పక్కన కూర్చుంది. మావాడు అక్కడే, అలాగే ఉండిపోయేడు.