పెద్దవాడైన ఉడుత

ఆ వీధిలో ఆమెను ఉడుతమ్మ అంటారు. పిల్లల వారపత్రికలో చివరి పేజీ ఉడుతను గీసింది ఆమే. చారల నిక్కరు, రేగిన జుట్టు, కాస్త కిందికి జారిన ఎడమ భుజం. ఆ భుజం నవ్వించడానికేనని చదివేవాళ్ళు అనుకున్నారు. నిజానికి చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయిన ఆమె తమ్ముడు అలా ఒక పక్కకు ఒరిగి నడిచేవాడు. ఆ సంగతి ఆమెకూ అమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదు. వచ్చిన పత్రికల్లో ఒక్కటి కూడా అమ్మ పారేయనివ్వలేదు.

పత్రిక మూతపడింది గానీ చెయ్యి ఊరుకుంటుందా? ఒకరోజు ఊరికే గీస్తుంటే ఉడుతకు పొట్ట వచ్చింది. ఆమె చెరపబోయి ఆగిపోయింది. ఆ తర్వాత టై వచ్చింది, బట్టతల వచ్చింది. పై అధికారి గది ముందు చేతులు కట్టుకున్న ఉడుత, బల్ల కింద తోక చాచి లంచం అందుకునే ఉడుత, బార్లో ఒంటరిగా కూర్చుని ఏడ్చే ఉడుత. ఒకప్పుడు ఆ పేజీ కోసం కొట్టుకున్న పిల్లలే ఇప్పుడు బొజ్జలేసుకుని, ఈ బొమ్మలతో ఆమె పెట్టిన ప్రదర్శనకు వచ్చి కడుపుబ్బ నవ్వేవారు. ఏ బొమ్మలోనో తమ ముఖమే కనబడేసరికి గబగబా బయటికి నడిచేవారు. బాగా అయింది వాళ్ళకి!

ఆమె బాధ వేరు. ఆ ఉడుత ముఖం ఆమె అనుకుని గీసేది కాదు. కుంచె పట్టగానే తమ్ముడు పక్కన నిలబడి, “అక్కా, ఇప్పుడు నేనిలా ఉన్నాను” అని చెబుతున్నట్టు కళ్ళ కింద ముడతలు వాటంతటవే పడేవి. కుంచె పక్కన పడేసేది. అయినా మానలేకపోయింది, మానితే వాడు మళ్ళీ చచ్చిపోతాడని భయం. అంతకు మించిన భయం అమ్మ. బంగారంలాంటి కొడుకును తాగుబోతును చేశావా అని అమ్మ గుండె పగిలితే? అందుకే బడి గోడలకు బొమ్మలేస్తున్నానని అబద్ధమాడి నెట్టుకొచ్చింది.

పక్కింటి పిన్నికి నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ పుణ్యమా అని ఒక మధ్యాహ్నం అమ్మ కర్ర టకటకలాడించుకుంటూ ప్రదర్శన హాల్లోకి వచ్చేసింది. ఉడుతమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“అమ్మా, ఇంటికెళ్దాం పద. ఇవి నీకు నచ్చవు.”

“ఉండవే, చూడనీ.”

అమ్మ బార్ బొమ్మ ముందు ఆగింది. కళ్ళద్దాలు తుడుచుకుంది. కాపలా మనిషి వద్దంటున్నా వినకుండా ఆ జారిన భుజాన్ని వేలితో తాకింది. వెనక ఎవరో ఇంకా నవ్వుతున్నారు.

“వీడేనా?”

“వాడేనమ్మా.” ఉడుతమ్మ అమ్మ చెయ్యి పట్టుకుంది. “తప్పయిపోయింది. అన్నీ తీయించేస్తాను.”

“తీయించావంటే కాళ్ళు విరగ్గొడతాను.” అమ్మ బొమ్మ మీంచి చూపు తిప్పలేదు. “ఇన్నేళ్ళూ వాడు నా కళ్ళకి నిక్కర్లోనే కనబడ్డాడే. నేను ముసలిదాన్నయ్యాను, నీ తల నెరిసింది. వాడొక్కడే పెరగలేదు.”

అమ్మ ఒక్కో బొమ్మ దగ్గరికీ వెళ్ళి చూసింది. లంచం దగ్గర “సిగ్గులేదట్రా” అని తిట్టింది. పొట్ట దగ్గర మురిసిపోయింది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. కూతురు వెనకే నడుస్తూ ఏడుస్తోంది.

చివరి బొమ్మ అయ్యాక అమ్మ వెనక్కి తిరిగింది.

“పెళ్ళయిందా వాడికి?”

“ఇంకా లేదమ్మా.”

“చెయ్యవే మరి. నేనుండగానే చెయ్యి.”