కాళ్ళకు పాడిన జోలపాట

బట్టల కొట్టులో చేరిననాడే ఆమెకు 'గడకర్ర' అని పేరు పెట్టారు. మనిషి పొడుగు, పైగా పొద్దస్తమానం నిలబడే ఉండాలి. ఆ కొట్టులో అమ్మే ఆడవాళ్ళెవరూ కూర్చోకూడదు, బేరం ఉన్నా లేకపోయినా. "కొనేవాళ్ళు నిలబడి ఉంటే అమ్మేవాళ్ళు కూర్చుంటారా?" అనేవాడు యజమాని, దిండుకు ఆనుకుని.

సాయంత్రానికి కాళ్ళు మొద్దుల్లా వాచేవి. ఓ మధ్యాహ్నం, తానులు సర్దే వెనకగదిలో అన్నం తిన్నాక, పాదాలు ఒళ్ళో పెట్టుకుని తల్లి పాడిన జోల బాణీలోనే అందుకుంది:

"జోజో పాదమా, జోజో పిక్కా,
కుర్చీ లేని కొలువులో కునుకెక్కడమ్మా!"

దుప్పట్లమ్మే అక్క నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఉండవే, నేనూ ఒకటి కడతా" అంటూ, "తానులకైనా అరలున్నాయి" అని ఎత్తుకుంది. అలా నోటికో చరణం చేరి, పాట పక్క కొట్లకూ పాకింది.

అక్క అప్పుడు కడుపుతో ఉంది. ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోయింది. మొహాన నీళ్ళు చల్లి లేపగానే, "ఇక నిలబడమ్మా, బేరం వచ్చింది" అన్నాడు యజమాని. గడకర్రకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆ వీధి కొట్లలో ఆడవాళ్ళంతా గుమ్మాల ముందు బాసింపట్లు వేసుకుని కూర్చుని పాట అందుకున్నారు. నినాదాలైతే జనం తప్పుకుని పోయేవారేమో. జోలపాట కదా, ఆగారు, నవ్వారు. చంటిపిల్లతో వచ్చిన ఒకావిడైతే, పిల్ల నిద్రపోయేదాకా గొంతు కలిపి, "ముందు వాళ్ళకు పీటలెయ్యండి, ఆ తర్వాతే మీ బట్ట కొంటాం" అని యజమాని మొహం మీదే చెప్పింది.

కొన్నాళ్ళకు పీటలు వచ్చాయి. అందరినీ కూర్చోబెట్టింది తనేనని గడకర్రను మాత్రం మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బతుకు లాక్కొచ్చింది.

ఇప్పుడు ఇద్దరి తలలూ నెరిశాయి. అక్క వస్తే చాలు, ఏ చరణం ఎవరు కట్టారని తగువు. మొన్న మాత్రం అక్క నసుగుతూ చెప్పింది.

"పీటలొచ్చిన రోజు మేమెవరం కూర్చోలేదే. నువ్వు లేవుగా. మూసేదాకా అలాగే నిలబడ్డాం."

సూదిలో దారం ఎక్కిస్తున్న గడకర్ర దాన్ని పక్కన పెట్టేసింది.

"పిచ్చిమొహాల్లారా! కాళ్ళు పీక్కుపోలేదూ?" అంది, అక్క పాదాలు ఒళ్ళోకి లాక్కుంటూ.