పడవ వంక

మా మాస్టారు ఎమ్మెల్యే కాకముందు మా లంకలోనే ఉండేవారు. మా చుట్టూ గోదావరి, హైస్కూలేమో అవతలి ఒడ్డున. ఆయన తెల్లారే మొదటి పడవలో వెళ్ళిపోయేవారు. తర్వాతి పడవ దిగి మేం పరిగెత్తుకెళ్ళేసరికి ప్రార్థన అయిపోయేది.

"పడవ వంక చెప్పకు. బెంచీ ఎక్కు" అనేవారు. నా చదువు సగం బెంచీ మీదే సాగింది.

వంతెన కట్టిస్తానని గెలిచి, రాజమండ్రిలో కాపురం పెట్టారు. వంతెనా రాలేదు, ఆయనా రాలేదు. మొన్న మా లంకలో మీటింగన్నారు. బడి బెంచీలు బయట వేసి, మమ్మల్ని మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోబెట్టారు. అప్పుడు దిగారాయన.

"ఏం చెయ్యనమ్మా, పడవ ఇసకమేటలో ఇరుక్కుపోయింది" అన్నారు నాతో.

నాకు ఒళ్ళు మండింది. "పడవ వంక చెప్పకండి మాస్టారూ. బెంచీ ఎక్కండి" అన్నాను.

జనం గొల్లున నవ్వారు. ఆయనా నవ్వుతూ నిజంగానే ఎక్కారు. ఎక్కిన మనిషి ఊరుకోకుండా మైకు అందుకుని, ఈసారి వంతెన ఖాయమన్నారు.

మేమైతే గంట కొట్టగానే దిగేవాళ్ళం. ఈయన్ని దింపాలంటే ఎన్నికలు రావాలి.