మొదటి మగ్గు నీళ్ళు

డిగ్నాబాద్‌లో మా వీధి వాళ్ళని ఎవరిని కదిపినా ఒకటే చెప్తారు. నా మనవరాలి బారసాల రోజు, చచ్చిపోయిన మా అత్తగారు వచ్చి, గంట మోగించి, బిడ్డను దీవించి వెళ్ళిందట. గరాచర్మలో ఉండే మా ఆయన అక్క పైడమ్మ వదిన అయితే ఆ కథకి మల్లెపూల వాసన కూడా కలిపి చెప్తుంది. శుద్ధ అబద్ధం. మోగింది గంట కాదు. దీవెన అసలే కాదు. ఆ మోగిన వస్తువుని నా చేతులతో నేనే బిగించాను కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాల్సింది కూడా నేనే.

దెయ్యాలని నమ్మేవాళ్ళంటే నాకు జాలి లేదు, చిరాకు. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఇక్కడే ఒక స్కూల్లో సైన్సు చెప్తాను. నిమ్మకాయలు, తాయెత్తులు, దిష్టి బొమ్మలు, ఇవన్నీ ఎక్కడ కనబడినా తీసి చెత్తబుట్టలో వేస్తాను. ఇది రాస్తున్నానంటే ఇప్పుడు నమ్ముతున్నానని కాదు. నాకు జవాబు దొరకలేదు, అంతే.

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. మాది దీవి, ఊరికి చుట్టూ సముద్రమే, కుళాయిలో మాత్రం చుక్క ఉండదు. ఎండాకాలంలో నాలుగైదు రోజులకోసారి వదులుతారు. ఎప్పుడు వదులుతారో వదిలేవాడికి కూడా తెలుసో లేదో. అందుకని వీధికొకరు కుళాయి దగ్గర కాపలా కాసేవారు. మా వీధికి మా అత్తగారు నూకమ్మ.

ఆవిడ శ్రీకాకుళం వైపు తీరం నుంచి పెళ్ళై సముద్రం దాటి ఈ దీవికొచ్చింది. బజార్లో చేపల బుట్ట పెట్టుకుని ముగ్గురు పిల్లల్ని పెంచింది. నోరు పెద్దది. నాతో ఒక్కరోజు కూడా పడలేదు. కానీ నీళ్ళ విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. పైపులో గాలి బుస కొట్టగానే లేచి మొదటి మగ్గు పట్టేది, ముక్కు దగ్గర పెట్టుకునేది, పక్కనున్న మురుగు మోరీలో పారబోసేది. నీళ్ళు బాగుంటే స్టీలు బకెట్ మీద గరిటెతో ఠంగ్, ఠంగ్ అని ఆగి ఆగి కొట్టేది. వీధంతా బిందెలతో బయటికొచ్చేది. బాగోకపోతే గరిటె పైకెత్తకుండా బకెట్ అంచు చుట్టూ గరగరా తిప్పుతూనే ఉండేది. పట్టొద్దని అర్థం. పళ్ళు జివ్వుమనే ఆ చప్పుడు ఆగేదాకా ఎవరూ కుళాయి ముట్టుకునేవారు కాదు.

ఎందుకంటే మా వీధిలో నీళ్ళ పైపు, మోరీ పక్కపక్కనే పోతాయి. నీళ్ళు రాని రోజుల్లో పైపు ఖాళీగా ఉంటుంది. పగుళ్ళలోంచి మోరీ మురుగు దాంట్లోకి దిగుతుంది. నీళ్ళు వదలగానే ముందు కొట్టుకొచ్చేది అదే. మొదటి నీళ్ళు కుక్కకి కూడా పొయ్యొద్దనేది ఆవిడ. బాగున్న రోజు కూడా మొదటి మగ్గు మోరీకే.

ఆవిడ పోయాక వీధికి చెవి లేకుండా పోయింది. అప్పుడు నేను ఒక బోర్డు పెట్టాను. స్కూల్లో పిల్లలకి నేర్పించమని మాకు శిక్షణ ఇచ్చి చేతిలో పెట్టిన చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. అరచేతిలో పడుతుంది. అంచుల వెంబడి పిన్నులు. ఒక పిన్నుని ఇన్‌పుట్ అంటే అది చెవి, ఔట్‌పుట్ అంటే అది నోరు. చెవికి రెండే తెలుసు, కరెంటు ఉంది, లేదు. నోటికీ రెండే, పలుకు, ఊరుకో. ఆ చెవి విన్నదాన్ని బట్టి ఈ నోరు ఏం పలకాలో ప్రోగ్రాంలో నేను రాయాలి. దానికి సొంత బుద్ధి లేదు. ఆ విషయంలో మా చుట్టాల కంటే నయం.

మా పెరట్లో కుళాయి కింద ఒక మగ్గు వేలాడదీసి, రెండు తీగలు దాంట్లోకి దించాను. మగ్గులో నీళ్ళు పడితే తీగలు రెండూ కలిసి ఇన్‌పుట్ పిన్నుకి కరెంటు అందుతుంది. అప్పుడు ఔట్‌పుట్ పిన్నుకి తగిలించిన బజర్ మోగుతుంది. ఆగి ఆగి మోగేలా రాశాను. అత్తగారి బకెట్ మోతకి వీధి అలవాటు పడి ఉంది కదా, అందుకని. మగ్గు ఒంపేస్తే ఆగిపోతుంది. బోర్డుని ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి కుళాయి పక్క గోడకి కొట్టాను. కరెంటు పాత ఫోన్ చార్జర్ నుంచి.

బాగా పనిచేసింది. అక్కడే తెగులు మొదలైంది.

ఒకరోజు పైడమ్మ వదిన వచ్చి, తల్లి కూర్చునే చోటు కదా అని కుళాయి దగ్గర హారతి ఇచ్చింది. పళ్ళెం డబ్బా దగ్గరికి తీసుకెళ్ళగానే బజర్ మోగింది. మగ్గులో చుక్క నీళ్ళు లేవు. వదిన అక్కడికక్కడే కూలబడి ఏడుపు. నేను డబ్బా విప్పి చూశాను. ఇన్‌పుట్ పిన్నుని నేలకి, అంటే సున్నాకి, లాగి ఉంచే రెసిస్టరు కాలు ఉప్పు గాలికి తుప్పు పట్టి తెగిపోయింది. అలా గాలికి వదిలేసిన పిన్ను చెయ్యి దగ్గరికొచ్చినా ఉలిక్కిపడుతుంది. స్కూల్లో మొదటి వారం చెప్పే పాఠం. కొత్త రెసిస్టరు వేశాను, హారతి పళ్ళెం కాదు కదా దీపస్తంభం తెచ్చినా మోగలేదు. అదే చెప్పాను.

"నువ్వు సదువుకున్నావు గానీ అమ్మని కన్నది నువ్వేటి, నేనేటి?" అంది వదిన, ఏడుపులో మాట తిరగేసి.

"మీ అమ్మని నువ్వు కన్నావా వదినా? ఆ లెక్కన నాకు తెలీదు మరి," అన్నాను.

మా ఆయన హార్బర్‌లో క్రేన్ నడుపుతాడు. ఎంత బరువైనా ఎత్తుతాడు, నోరు మాత్రం ఎత్తడు. "పోనీలే భారతీ, అమ్మ పేరే కదా," అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. భయంతో కాదు, రోతతో. మా ఇంటి కుళాయి దగ్గర పసుపు రాశారు, కుంకం పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్ళు డబ్బాలోకి కారి, దాంట్లో బొద్దింకలు కాపురం పెట్టాయి. వారం వారం నేను కడగడం, వాళ్ళు పూయడం. అది కూడా భరిద్దును. బజర్ మోగగానే మొదటి మగ్గు కోసం జనం ఎగబడటం మొదలుపెట్టారు. అమ్మ పిలిచి ఇచ్చిన నీళ్ళట. తీర్థమట. బతికున్నన్నాళ్ళూ ఆవిడ మోరీలో పోసిన నీళ్ళని, చచ్చాక ఆవిడ పేరు చెప్పి కళ్ళకద్దుకుని తాగడం. నేను అరిచాను, మగ్గు లాక్కున్నాను, స్కూలు నుంచి, మురుగు కలిస్తే నల్లబడే టెస్టు సీసా తెచ్చి ఈ నీళ్ళు నల్లబడటం చూపించాను. మా పక్కింటి రాంచీ ఆవిడ సునీతా నవ్వి, "దీదీ, మాజీ కా పానీ హై, కుచ్ నహీ హోగా," అమ్మగారి నీళ్ళేగా ఏం కాదులే, అని ఆ నీళ్ళు తన కూతురు పింకీ నోట్లో పోసింది. డబ్బాకి చెయ్యి చాపితే అందే దూరంలో నిలబడి పోసింది. మగ్గు ఒంపేసి ఉంది. బజర్ కిమ్మనలేదు.

ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత అడుగుతాను.

పింకీకి వాంతులు, విరేచనాలు, తర్వాత కామెర్లు. పెద్దాసుపత్రిలో చాలా రోజులు పడుకోబెట్టారు. బతికింది. అయినా జనానికి బుద్ధి రాలేదు. పిల్లకి దిష్టి తగిలిందన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి స్వాతికి పురుడొచ్చింది. ఆడపిల్ల. నెలలు నిండకుండా పుట్టింది, బరువు తక్కువ. నీళ్ళ దగ్గర జాగ్రత్త, ఏ ఇన్‌ఫెక్షనూ తట్టుకోలేదని డాక్టరు మరీ మరీ చెప్పింది. తల్లిపాలు తప్ప ఏమీ పట్టించొద్దంది. స్నానానికి కూడా నేను నీళ్ళు మరిగించి చల్లార్చేదాన్ని. బారసాలకి వస్తున్న వదినకి ముందే ఫోన్ చేసి, తీర్థం గీర్థం తెస్తే గుమ్మం బయటే నిలబెడతానని చెప్పాను. నోట్లో పొయ్యనులే, నెత్తిన చల్లుతానంది. అది కూడా వద్దన్నాను.

బారసాల రోజు తెల్లవారుజామున నీళ్ళొచ్చాయి. బజర్ మోగింది. నేను వెళ్ళేసరికే, ముందు రాత్రే వచ్చి పడుకున్న వదిన మొదటి మగ్గు ఇత్తడి చెంబులోకి ఒంపేసుకుంది. గొడవ పెట్టుకుంటే పచ్చి బాలింతరాలు హైరానా పడుతుందని పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. ఊరుకున్నానంటే, ఈ బజర్ భాగోతం ఇక ఇవాళ జరగనివ్వకూడదని డబ్బా విప్పి, మగ్గు తీగలు రెండూ పీకేశాను. ఇన్‌పుట్ పిన్నుని ఒక చిన్న తీగతో నేరుగా సున్నాకి కట్టేశాను. అంటే చెవిలో దూది కాదు, సీసం పోసినట్టు. ఇక ఆ పిన్ను కరెంటు ఉందని చెప్పడం జరగని పని. ప్లగ్గు కూడా పీకి ఉండాల్సింది. దాని మీద వంటవాళ్ళ మిక్సీ, గ్రైండరు తీగలు అల్లుకుని ఉన్నాయి, వదిలేశాను. పీకిన తీగలు తెచ్చి బీరువాలో పెట్టాను.

పొద్దెక్కాక పేరు పెట్టడం అయింది. నేను వడ్డన పళ్ళెం పట్టుకుని వసారాలోకి వస్తున్నాను. స్వాతి చీర సర్దుకోవడానికి లేచినట్టుంది, ఉయ్యాల దగ్గర వదిన ఒక్కతే ఉంది. ఉద్ధరిణితో చెంబులోంచి నీళ్ళు తీసి బిడ్డ పెదవుల దగ్గరికి తీసుకెళ్ళింది.

బజర్ మోగింది.

పెరట్లోంచి. ఇంట్లో అందరూ విన్నారు. నేను రాసినట్టు ఆగి ఆగి కాదు. ఒకటే ధార, విరామం లేకుండా.

వదిన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసింది. ఆగిపోయింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అదిగో, అమ్మ పలికింది," అని మళ్ళీ ఉద్ధరిణి ముందుకు చాపింది. మళ్ళీ మోగింది, అదే ధార. అప్పుడు మా ఆయన కుర్చీలోంచి లేచాడు.

"గరిటె," అన్నాడు. "అక్కా, అమ్మ గరిటె తిప్పతంది."

నాకు అప్పటిదాకా తట్టలేదు. పళ్ళెం ఎక్కడ పడిందో తెలీదు, వదిన చేతిలోంచి ఉద్ధరిణి లాక్కున్నాను. నీళ్ళు నేల మీద ఒలికాయి. పెరట్లో మోత ఆగిపోయింది.

చెంబుని అందరి ముందూ తెల్లటి పింగాణీ పళ్ళెంలో ఒంపాను. తులసి, పసుపు, పచ్చకర్పూరం వేసింది కాబట్టి అప్పటిదాకా రంగు, వాసన తెలియలేదు. అడుగున నల్లటి మడ్డి. దాంట్లో ఎర్రటి సన్నటి పురుగులు, దారం ముక్కల్లా మెలికలు తిరుగుతూ. మోరీలో ఉంటాయే, అవి. స్వాతి పురిటి గదిలోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. ఒకావిడ కళ్ళు మూసుకుని దండం పెట్టింది, పురుగులకో ఎవరికో.

నేను పెరట్లోకి వెళ్ళి డబ్బా విప్పాను. ఇన్‌పుట్ పిన్ను నేను కట్టినట్టే సున్నాకి కట్టి ఉంది. మగ్గు తీగలు బీరువాలోనే ఉన్నాయి.

బోర్డు హ్యాంగ్ అయి ఉంటుందని ఒక సైన్సు మాస్టారు అన్నారు. హ్యాంగ్ అయి మోగితే మోగుతూనే ఉండాలి కదండీ, ఉద్ధరిణి వెనక్కి తీయగానే ఆగి, ముందుకు పెట్టగానే మోగడమేమిటి అంటే ఆయన టీ తాగారు. మిక్సీ వల్లనా అని మిక్సీ, గ్రైండరు దాని పక్కనే తిప్పి చూశాను. ఫోన్లు ఆనించాను, చార్జరు మార్చాను, తడిపాను, ఆరబెట్టాను. పిన్ను సున్నాకి కట్టి ఉన్నంతసేపు ఒక్కసారి కూడా మోగలేదు. ప్రోగ్రాం పంక్తి పంక్తీ చదివాను. ఆగకుండా మోగమని నేను ఎక్కడా రాయలేదు.

బిడ్డ క్షేమంగా ఉంది. బరువు పెరిగింది. వీధికి మాత్రం నచ్చిన కథ దొరికింది, దీవెన కథ. పురుగుల సంగతి ఎవరూ చెప్పరు. పట్టొద్దని జీవితమంతా అరిచిన మనిషి చచ్చాక అరిచినా, వీళ్ళకి పట్టుకోండి అనే వినబడింది. నేను డబ్బా పీకేసి, కుళాయి దగ్గర పసుపంతా బ్లీచింగ్‌తో తోమేశాను. ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను, బకెట్టు, గరిటె పెట్టుకుని. మొదటి మగ్గు మోరీకి.

అది తీగల పొరపాటే అయితే ఎవరైనా చదువుకున్నవాళ్ళు చెప్పండి, వింటాను. కాదు, నువ్వే అయితే, అత్తా, నాదొక ప్రశ్న. పక్కింటి పింకీ కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. ఆ పిల్ల నోట్లో ఆ నీళ్ళు పోసినప్పుడు కూడా ఆ డబ్బా అక్కడే ఉంది. బతికున్నప్పుడు వీధంతటికీ తిప్పిన గరిటె, చచ్చాక మనింటి పిల్లకేనా?