సిక్ లీవులో సముద్ర దొంగలు

ఆ రోజుల్లో, బెంగాల్లో ఉన్న మా ఖరగ్‌పూర్‌లో ఏ సంగతి జరిగినా, అది విశాఖపట్నం వెళ్లి రైల్లో తిరిగొస్తే గాని జరిగినట్టు లెక్క కాదు. మలంచా పేటలో ఒక పెద్దాయన పోయినా, బజార్లో తెలుగు దుకాణాలవాళ్లు అన్నదానం చేసినా, నేను కాగితం మీద రాసి ఫ్యాక్స్ చేస్తే, అది విశాఖలో సాయంత్రానికల్లా అచ్చయి, మర్నాడు పొద్దున్న పేపరు కట్టలో మా స్టేషన్‌లో దిగేది. అప్పుడు, ముందురోజు ఆ అన్నదానంలో కడుపునిండా తిన్నవాళ్లే "ఏటి, బజార్లో అన్నదానం అయినాదంట?" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. అచ్చులో పడ్డ మాట మీద అంత గురి ఉండేది. ఆ గురిని నేనెలా వాడుకున్నానో తలుచుకుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా కూర్చున్న కుర్చీలో ఒకసారి అటూ ఇటూ కదలాల్సి వస్తుంది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఫలానా పత్రిక విలేకరినని ఊరంతా చెప్పుకునేవాణ్ణి (పత్రిక మాత్రం ఇంకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు). నెల రోజులు చూసి, ఉంచుకోవాలో వద్దో తేలుస్తామని డెస్క్ ఇన్‌ఛార్జి అన్నాడు. ఇంట్లో నాన్న రైల్వే పరీక్ష దరఖాస్తు తెచ్చి బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద ఇనప తాళం కప్ప పెట్టి, ఆ నెల ఎప్పుడవుతుందా అని కాలెండరు వైపు చూస్తుండేవాడు. నాకు నిలబడితే కూర్చోవాలనీ, కూర్చుంటే ఎవరికో ఫోన్ చెయ్యాలనీ ఉండేది. అన్నం కూడా చేతిలో గడియారం చూసుకుంటూ తినేవాణ్ణి. ఎక్కడికి వెళ్లాలని అడిగితే చెప్పలేను, ఆలస్యం మాత్రం అవుతుండేది.

అలాంటి సమయంలో సముద్ర దొంగల సినిమా రెండో భాగం వచ్చింది. మొదటి భాగం తెలుగు మాటలతో మా ఊళ్లో ఆడినప్పుడు రైల్వే వర్క్‌షాపు క్రేన్ గ్యాంగు మొత్తం దానికి దాసోహమైపోయింది. ఆ గ్యాంగుకు పెద్ద మా అమ్మ తమ్ముడు, ఊరంతటికీ క్రేన్ మావయ్య. ఆయన ఉద్యోగం ఏమిటంటే, బోగీని పైకెత్తడానికి దాని కింద తాళ్లు, గొలుసులు బిగించి, పైనున్న క్రేన్ డ్రైవరుకు వేళ్లతో సైగ చెయ్యడం. ముడి జారితే కింద మనుషులుంటారు. అందుకని ఆయన మనిషి మొహం కన్నా ముందు ముడిని చూస్తాడు. ఆ సినిమాలో హీరో ఒక ఓడ మీంచి ఇంకో ఓడ మీదకి తాడు పట్టుకుని దూకుతాడు, దూకేముందు తన చేత్తోనే ముడి వేస్తాడు. ఆ ముడి సరైన ముడి. మావయ్య సీడీ కొని, ఆ చోట ఆపి, వెనక్కి తిప్పి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. "సూసినావా? ఆడు పనోడురా. ఏక్టరు కాడు, పనోడు!" ఆ హీరోకి గ్యాంగు పెట్టుకున్న పేరు తాడు దొర.

రెండో భాగం శుక్రవారం పొద్దుటి ఆటతో మొదలు. క్రేన్ గ్యాంగు ఐదుగురూ సెలవు అడిగారు. నెలాఖరుకు బోగీలు చాలా తయారై బయటికి వెళ్లాలి కనుక ఫోర్‌మన్ గారు ఇవ్వలేదు. "శుక్రవారం రానోడు ఆస్పత్రి మంచం మీదుండాల, లేదంటే నా ఎదరుండాల" అన్నాడట. పైగా మావయ్యని మేస్త్రీ చేసే కాగితం అప్పటికే ఫోర్‌మన్ గారి బల్ల సొరుగులో ఉంది. ఒక్క సంతకమే బాకీ. అయినా శుక్రవారం పొద్దున్న మావయ్యకి కడుపునొప్పి వచ్చింది. ఆయన శిష్యుడు బొండాంకి జ్వరం, ఒకరికి నడుం పట్టు, మిగతా ఇద్దరికి ఏదో ఒకటి. "ఐదుగురికీ ఒకేరోజు ఏటి మావయ్యా?" అని నేనడిగితే, "గ్యాంగంటే అలగే ఉంటాదిరా, ఎత్తినా దించినా అందరూ ఒక్కసారే" అన్నాడు.

ముందురోజే డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. "పరాయి రాష్ట్రంలో మన అభిమానుల సందడి గురించి సినిమా పేజీకి ఒక మంచి వార్త కావాలి. పేర్లతో, మాటలతో, జీవంగా ఉండాలి. రేపు పన్నెండు గంటలకు పేజీ కట్టేస్తాం." ఆట మొదలయ్యేదే పదకొండున్నరకి. ఇది కుదరదండీ అనాలని ఒక జ్ఞానవంతుడికి తోచేది. నాకు తోచలేదు. రెండేళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు ఆనందించక ఏం చేస్తారని నాకు నేనే చెప్పుకుని, పదకొండు గంటలకు మలంచా రోడ్డు ఫ్యాక్స్ దుకాణంలో నిలబడి, పక్కవాడి వీపు మీద కాగితం పెట్టి రాసేశాను. తాడు దొర తెర మీదికి రాగానే హాలు దద్దరిల్లిందని రాశాను. పూలు చల్లారన్నాను (హాల్లో పూలేవీ లేవు). ఐదుగురి పేర్లూ, ఏ షాపులో ఏ పని చేస్తారో కూడా వేశాను, పేర్లు కావాలన్నారు కదా. చివర్లో మావయ్య చేత "మొదటి భాగాన్ని మించిపోయింది. నేను మైమరచిపోయాను" అనిపించాను. ఫ్యాక్స్ మిషను ఆ కాగితాన్ని మెల్లగా మింగుతుంటే నాకెంత తృప్తి కలిగిందో చెప్పలేను. పరుగెత్తుకెళ్లి మావయ్య పక్క సీట్లో కూలబడ్డాను.

సినిమా మొదలైంది. తాడు దొర వచ్చాడు, ఈలలు పడ్డాయి, అంతవరకు నా వార్త నిజమే. కాని ఆయన కుర్చీలో కూర్చుని వచ్చాడు. మొదటి భాగంలో చేసిన సాహసాలకు మెచ్చి ఒక రాజుగారు ఆయన్ని ఒక దీవికి అధికారిని చేశాడట. పెళ్లి కూడా అయింది. రేవు పన్నుల గురించి ఒక పొడుగాటి బల్ల దగ్గర చాలాసేపు మాట్లాడారు. "ఇప్పుడు లెగుస్తాడు సూడు" అన్నాడు బొండాం. లేవలేదు. మావయ్య ముందుకు వంగాడు, వెనక్కి జరిగాడు, కాలు మీద కాలు వేసి తీశాడు, వేళ్లు విరిచాడు. నేను తెర వైపు చూడ్డం మానేసి ఆయన మొహం వైపే చూస్తున్నాను. చివరికి ఓడ వచ్చింది, యుద్ధం కూడా వచ్చింది. తాడు దొర ఒడ్డున నిలబడి ఎవరెవరు ఎటు దూకాలో వేలితో చూపించాడు.

"యేలు సూపిస్తన్నాడేట్రా!" అన్నాడు మావయ్య నీరసంగా. "ఈడు కూడా ఫోర్‌మనైపోనాడు."

ఇంటర్వెల్‌లో ఐదుగురూ ఝాల్‌ముడి మరమరాల పొట్లాలు పట్టుకుని, ఆస్పత్రి వరండాలో బంధువుల్లా నిలబడ్డారు. నేను ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి డెస్క్‌కి ఫోన్ చేశాను. "సార్, ఆ అభిమానుల వార్తలో చిన్న మార్పు..." "ఏ మార్పూ వద్దు, బ్రహ్మాండంగా ఉంది. మీ క్రేన్ ఆయన మాటే హెడ్డింగు పెట్టాం. పేజీ వెళ్లిపోయింది" అన్నాడాయన. ఇన్‌ఛార్జి నోట మెచ్చుకోలు వినడం నాకదే మొదటిసారి. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్లీ హాల్లోకి వెళ్లాను.

రెండో సగంలో, ఆఖరికి, తాడు దొర తాడు పట్టుకున్నాడు. హాలంతా నిటారుగా కూర్చుంది. ఆయన ముడి వేశాడు. మావయ్య లేచి నిలబడ్డాడు.

"ఒరే, ఆ ముడేట్రా! ఆ ముడికి కోడిపిల్ల కూడా ఆగదురా!"

"బోసో దాదా, బోసో!" అని వెనకనుంచి ఎవరో కూర్చోమని అరిచారు. మావయ్య కూర్చోలేదు, పక్క తలుపులోంచి నేరుగా ఎండలోకి నడిచేశాడు. వెనకాలే మేమూ నడిచాం. ఆయన కోపం చూస్తే, ఎవరో ఇంట్లోవాళ్లు పరాయివాళ్ల ముందు తప్పుడు మాట అన్నట్టుంది. "రెండేళ్లు సూసినాంరా. ఆడికి నేర్పినోడు లేడా? ఓ మాట అడిగితే నానే ఎల్లి సెప్పీసేవోణ్ణి కద!" కాసేపటికి నా వైపు తిరిగాడు. "నువ్వు పేపరోడివి కద. రాయి. ఈ సినిమా బాగోలేదని గట్టిగా రాయి. మా పేర్లు మాత్రం ఎయ్యకు. సిక్కు లీవులో ఉన్నాం."

అప్పుడు తెలిసింది నాకు. ఆట మొదలైన దగ్గర్నుంచీ నేను ఆ వార్తలోని అబద్ధం గురించి బెంగపడుతున్నాను. అసలు ప్రమాదం అందులో ఉన్న నిజం. ఐదుగురి పేర్లు, హోదాలతో సహా. ఫోర్‌మన్ గారిది తెలుగు ఇల్లు, మా పేపరే చదువుతాడు. మావయ్య మేస్త్రీగిరీ ఆ సొరుగులోనే చచ్చిపోతుంది, ఆ చావుకి విశాఖలో అచ్చేసిన ఆహ్వానం పంపింది నేను. ఆ మాట మావయ్యకి చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ "మంచినీళ్లు తాగుతావా మావయ్యా?" అని బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున్న రైలు రాక ముందే స్టేషన్‌కి వెళ్లాను, మా పేపర్లన్నీ నేనే కొనేసి కట్టనే మాయం చెయ్యాలని. మా ప్లాట్‌ఫాం పొడవు గురించి బయటివాళ్లకు గొప్పగా చెప్పుకునే అలవాటు మాకందరికీ ఉంది. ఆ రోజు ఆ గొప్పంతా నా కాళ్లకి తెలిసింది. నేను ఇంజను వైపు నిలబడ్డాను, కట్ట చివరి బోగీలోంచి దిగింది. పెట్టెలూ, పడుకున్న మనుషులూ దాటుకుంటూ పరుగెత్తి, ఆయాసపడుతూ పేపర్లమ్మే బెంగాలీ దాదా ముందు నిలబడి, అన్నీ నాకే కావాలన్నాను. అతను నింపాదిగా కట్ట నా చేతికిచ్చి, "ఏక్‌టా ఫోర్‌మన్ బాబు నియే గేఛేన్" అన్నాడు. ఒక కాపీ అప్పటికే ఫోర్‌మన్ గారు పట్టుకెళ్లిపోయారు. మిగిలిన ఊరంతటికీ తెలియకుండా చేసి, తెలియకూడని ఒక్కడికే తెలియజేశానన్నమాట.

వర్క్‌షాపు గేటు దగ్గర గంటసేపు తచ్చాడాక, లోపలికి రమ్మని కబురొచ్చింది. ఫోర్‌మన్ గారి గదిలో మావయ్య పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద పేపరు, హెడ్డింగు పైకి.

"రావయ్యా రిపోర్టరూ" అన్నాడు ఫోర్‌మన్ గారు. "కడుపునొప్పితో ఇంట్లో తొంగున్నానని మీ మావయ్య అంటన్నాడు. హాల్లో పూలు సల్లినాడని మీ పేపరంటన్నాది. ఇద్దర్లో ఒకరిది అబద్ధం. ఎవరిదో సెప్పు."

పేపరు నిజమంటే మావయ్య పోతాడు. అబద్ధమంటే, ఫోర్‌మన్ గారు విశాఖకి ఒక ఉత్తరం ముక్క రాస్తే నేను పోతాను, తాళం కప్ప కింద దరఖాస్తు బయటికొస్తుంది. మావయ్య నా వైపు చూడలేదు, కిటికీలోంచి క్రేన్ వైపు చూస్తున్నాడు. నిన్నటి నుంచీ ఒక్కచోట నిలవని నా కాళ్లు ఆ గదిలో మొదటిసారి నిలబడ్డాయి.

"పేపరుదే సార్. ఆట పదకొండున్నరకి. నేను వార్త రాసి పంపింది పదకొండుకి. పూలు లేవు. ఆ మాటలు నేనే కల్పించాను."

"సూడకుండానే మొదటిదాన్ని మించిపోనాదని రాసీసినావా?"

"రాసేశాను సార్."

"సిగ్గు నేదేటయ్యా?"

"ఉంది సార్."

మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. "సూడండి సార్, మైమరచిపోయానంట! ఆ మాట నా నోట్లో పడతాదా సార్? మా ఇంటిల్లిపాదీ కలిసి మోసినా లెగదు." ఫోర్‌మన్ గారు చాలాసేపు పేపరు మడత సరిచేశాడు. "అయితే నువ్వు సినిమా సూడనేదు." "నేదు సార్." "సర్లే. ఎలగైనా పేపర్లో బాగుందన్నారు. ఆదివారం మా ఇంటిదాన్ని తీసికెల్తాను." మావయ్య నోరు తెరిచాడు. ఒక మనిషి రెండు టిక్కెట్లూ ఒక ఆదివారమూ పాడుచేసుకోబోతుంటే వద్దని చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాని పని. తెరిచిన నోరు మూసుకోవడానికి ఆయన పడ్డ కష్టం నేను కళ్లారా చూశాను. అప్పుడు మాత్రం నిజంగానే కడుపునొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.

సోమవారం జరిగింది బొండాం చెప్పాడు. ఫోర్‌మన్ గారు క్రేన్ దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా, "ఆడు ఒడ్డు మీదుండి యేలు సూపిస్తాడయ్యా, అదేం సినిమా?" అని అరగంట తిట్టాడట. "ఆ ముడొకటి! అలగ ఎవులైనా కడతారా అని నిన్నే అడుగుదామనుకున్నాను. నువ్వు సూడనేదు కద" అని మావయ్య కళ్లలోకి చూశాడట. "నేదు సార్" అన్నాడట మావయ్య, చేతిలో తాడు నలుపుకుంటూ. ఆ సాయంత్రమే మేస్త్రీ కాగితం మీద సంతకం పడింది. విశాఖకి ఉత్తరమేదీ వెళ్లలేదు, నెల తిరిగాక నన్ను ఉంచుకున్నారు. కాని ఊళ్లో అందరికన్నా ఎక్కువ మనసు విరిగిన ఆ ఐదుగురికి, ఆ సినిమాని నలుగురిలో ఒక్క మాట అనే యోగం లేకపోయింది. టీ కొట్టు దగ్గర ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే, చూడనివాళ్లు కనుక తలూపి వినాల్సి వచ్చేది. తిట్టుకోవాలంటే సుభాష్‌పల్లిలో మావయ్య ఇంటి తలుపులేసుకుని, గొంతు తగ్గించి తిట్టుకునేవారు.

ఆ తర్వాత నేను ఎన్నో చూసి రాశాను, కొన్ని చూడలేక రాశాను, ముందే రాయడం మాత్రం మళ్లీ జరగలేదు (ఒకటి రెండుసార్లు తప్ప, అవి ఎన్నికల సభలు, వాటిలో పొరపాటుకి చోటుండదు). మొన్నొక మధ్యాహ్నం ఆ రెండో భాగం టీవీలో వచ్చింది. హాల్లో ఆ రోజు తెర మీద కన్నా మావయ్య మొహం మీదే ఎక్కువ చూశానేమో, సగం కథ నాకు కొత్తగా ఉంది. మొదటినుంచి చివరిదాకా, కదలకుండా కూర్చుని చూశాను. అధికారి అయిపోయిన ఆ మనిషి, సాయంత్రం పూట ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడి ఓడల వైపు చూసే చోటు ఒకటుంది. బాగుంది. మొదటి భాగాన్ని మించిందనడం ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడి తొందరే గాని, అంత తీసిపారేయాల్సిన సినిమా కాదు. మావయ్యకి ఫోన్ చేసి ఆ మాట చెబుదామని నంబరు నొక్కాను కూడా. ఆయన "ఏట్రా?" అన్నాడు. "ఏంలేదు మావయ్యా, ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాను.